శ్రీకాంత్ సన్మానంలో నేను మాట్లాడనన్నది ఇందుకు

స్వర్ణక్కకు,

వనజ నమస్కారాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావ తాండూరు నుంచి వచ్చాక ఇంకా దగ్గుతున్నాడా? బండల పాలిష్ దగ్గర నిలబడేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పు. నా మాటైతే వింటాడు. నేను క్షేమం అని రాయబోయి ఆగాను. తిండికి, నిద్రకు లోటు లేదు. అంతవరకు నిజం. మిగతాది ఈ ఉత్తరంలో ఉంది. అమ్మకు చదివి వినిపించకు. నువ్వొక్కదానివే చదువు.

మొన్న ఫోన్‌లో నీకు కోపం వచ్చింది. రావడం న్యాయమే. శ్రీకాంత్ నీ బడిలో చదివినవాడు, నువ్వు లెక్కలు చెప్పి పెంచిన పిల్లవాడు. ఇక్కడ జర్మనీలో డాక్టరేట్ తీసుకున్నాడని మీ బడిలో సన్మానం పెట్టుకున్నారు. వీడియోలో నన్ను రెండు మాటలు చెప్పమన్నావు. నేను చెప్పనన్నాను. "గంత పొగరేందే నీకు? ఊరి పిలగాడు పైకొస్తే రెండు మాటలు చెప్పనీకె నోరు రాదా?" అన్నావు. అమ్మకు కోపం వస్తే బషీరాబాద్ కన్నడం వస్తుంది, నీకు నాన్న గొంతు వస్తుంది. ఆ గొంతు విన్నాక ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు చెబుతాను. నా కుడి కన్ను దెబ్బతిన్నదక్కా. పూర్తిగా పోలేదు. నడిమిట్ల ఒక బూడిదరంగు మచ్చ ఉంది. ఎవరి ముఖమైనా ఆ కంటితో చూస్తే చెవులు, జుట్టు కనిపిస్తాయి, ముఖం ఉండదు. ఎడమ కన్ను బాగానే ఉంది. వంట చేసుకుంటున్నాను, బస్సెక్కుతున్నాను, ఈ ఉత్తరం రాస్తున్నాను. కాబట్టి ముందు భయపడకు. ఇది కిందటి చలికాలం జరిగింది. నా చూపులో తేడా నువ్వు పసిగడతావనే ఇన్నాళ్లూ వీడియోలో ముఖం పక్కకు తిప్పి మాట్లాడుతున్నాను. నెట్‌వర్క్ బాగాలేదని తొందరగా పెట్టేసింది కూడా అబద్ధమే.

మా పని సంగతి నీకు ఎన్నోసార్లు చెప్పాను, ప్రతిసారీ నవ్వి ఊరుకున్నావు. ఈసారి అర్థమయ్యేలా చెప్పాలి, లేకపోతే ఏం జరిగిందో నీకు తెలియదు. వెంట్రుకంత సన్నని గాజు దారం ఒకటి ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి పెద్దగా చేసి చూస్తే లోపల తేనెపట్టులాగా గదులు గదులుగా రంధ్రాలుంటాయి. దీన్నే ఫోటానిక్ క్రిస్టల్ ఫైబర్ అంటారు. నడిమి రంధ్రంలో గ్యాస్ నింపి, అందులోకి లేజర్ వెలుగును పంపిస్తాం. ఆ వెలుగు ధారగా పోదు. రెప్పపాటులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండని చిన్న చిన్న ముక్కలుగా పోతుంది. ముక్క అంత చిన్నది కాబట్టి దాని బలం చాలా ఎక్కువ. మామూలుగా గాజులోకి ఎర్ర వెలుగు పంపితే ఎర్రగానే బయటికి వస్తుంది. ఇంత బలంతో పంపితే అలా జరగదు. కంటికి కనిపించని వెలుగు లోపలికి పోయి, నీలంగానో పచ్చగానో మారి వస్తుంది. ఎంత గ్యాస్ నింపితే ఏ రంగు వస్తుందో కనిపెట్టడమే నా పని. ఆ నీలం మొదటిసారి తెల్లకాగితం మీద పడ్డ రోజు నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? నువ్వు కూరగాయల మార్కెట్‌లో ఉన్నావు. "మంచిగైంది తియ్యి, జర ఆగు, టమాటలు తూపిస్తున్న" అన్నావు.

ఆ నీలం వచ్చాకే తిప్పలు మొదలయ్యాయి. లేజర్ గదిలో అందరం ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటాం. మా దగ్గరున్నవి లోపలికి పోయే కనిపించని వెలుగును మాత్రమే ఆపుతాయి. కొత్తగా పుట్టిన నీలాన్ని ఆపవు. ఈ సంగతి మా ప్రొఫెసర్‌కు చెప్పాను. వేరే అద్దాలు తెప్పించమన్నాను. "ఈ పరిశోధన పేపర్ పంపించాక చూద్దాం, అంతవరకు నల్ల తెర అడ్డం పెట్టుకోండి" అన్నాడు. తెర నేనే పెట్టాను. నాతో అదే గదిలో పనిచేసే శ్రీకాంత్‌కు ఆ తెర కదిలించవద్దని, మరచిపోకుండా ఉండాలని తెలుగులోనే చెప్పాను.

శ్రీకాంత్ ఇక్కడికి వచ్చిన కొత్తలో నువ్వేమన్నావో జ్ఞాపకం చేసుకో. "నీ తమ్ముడనుకో, అన్నం తిన్నడో లేదో చూస్కో" అన్నావు. అలాగే చూసుకున్నాను. ప్రొఫెసర్‌తో మాట్లాడి అతన్ని ఇక్కడికి రప్పించిందే నేను. ఆదివారాలు నా గదిలోనే తినేవాడు. వాళ్లమ్మ పద్మమ్మ పంపిన ఎల్లిపాయ కారం తెచ్చేవాడు, నేను జొన్నరొట్టెలు చేసేదాన్ని. ఇక్కడి పిండి మన పిండిలాగా సాగదు, విరిగిపోతుంది. విరిగిన ముక్కలే ఇద్దరం తినేవాళ్లం. అనంతగిరి మీద మంచు దిగినట్టు ఇక్కడ నెలలకు నెలలు ముసురు పట్టి ఉంటుంది. ఆ ముసురులో మన మాట మాట్లాడే మనిషి ఒకడుండటం ఎంత బలమో నీకు ఎలా చెప్పను.

ఆ రోజు భోజనం చేసి లేజర్ గదిలోకి వచ్చాను. తలుపు పక్కన ఉండే అద్దాలు తీసుకొని కళ్లకు పెట్టుకున్నాను. శ్రీకాంత్ అటు చివర లేజర్ దగ్గర ఉన్నాడు, నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను బల్ల ఇటు చివరకు పోయి వదులైన మరమేకు బిగిస్తున్నాను. నేను భోజనానికి పోయినప్పుడు అతను తెర తీసి, లేజర్ బలం పెంచి పెట్టాడు. నాకు చెప్పలేదు. ఆ నీలం వెలుగు ఒక ఇనుప కడ్డీ మీద పడి, దాని అంచు నుంచి తిరిగి నా అద్దాల గుండా కంట్లో పడింది. నొప్పి లేదక్కా. కంటి లోపల చిన్నగా టప్‌మన్న చప్పుడు వినిపించింది. తరువాత ఎర్రగా ఏదో కదిలింది. "శ్రీకాంత్, బంద్ జెయ్యి" అన్నాను. అతను ఉరికి వచ్చి నా ముఖం మీది అద్దాలు తన చేతులతోనే తీశాడు. ఆస్పత్రికి తీసుకుపోయింది కూడా అతనే. దారంతా ఏడ్చాడు. ఏడవకురా అని నేనే సముదాయించాను.

డాక్టర్ చెప్పింది ఒక్కటే. కాలిన చోట చూపు తిరిగి రాదు.

తరువాత విచారణ జరిగింది. భద్రత చూసే అధికారి, ప్రొఫెసర్, శ్రీకాంత్, నేను కూర్చున్నాం. ప్రొఫెసర్ చాలా మెత్తగా మాట్లాడాడు. "వనజ చాలా శ్రద్ధగల మనిషి. కానీ మరమేకు కనిపించక అద్దాలు నుదుటి మీదికి తోసుకొని ఉంటుంది. అందరం చేసేదే" అన్నాడు. నేను తోసుకోలేదన్నాను. అధికారి శ్రీకాంత్‌ను అడిగింది. అతను బల్ల వైపు చూస్తూ, "నేను అటు చివర ఉన్నాను, చూడలేదు" అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు. నేను తెలుగులో అడిగాను. "నీ చేతులతోనే తీసినవు గదరా?" ఏమన్నారని అధికారి అడిగితే ఏమీ లేదన్నాను. ఆ మాటను ఆమెకు ఇంగ్లీషులో చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం నా గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నేను చూసిన. అబద్ధమెందుకు. గని ఏం జెయ్యాలె, నా డాక్టరేట్ ఆయన చేతిలనే ఉన్నది. తెర తీసింది నేనని తెలిస్తే ఇంటికి పంపిస్తరు."

"తెర సంగతి నేనడగలే. అద్దాలు పెట్టుకున్ననా లేదా, గదొక్కటి చెప్పు చాలు."

"గదొక్కటి చెప్తే తెర సంగతి వస్తది గదక్కా. నీకైతే ఎక్కడన్నా జాగ దొరుకుతది, పేరున్నది. నా సంగతి గట్ల కాదు. అమ్మ ఒక్కతే ఉన్నది."

"నాకు లేదా అమ్మ?" అన్నాను.

అతను తెచ్చిన డబ్బా గుమ్మంలో పెట్టి పోయాడు. ఎల్లిపాయ కారం. ఎదురింటి చైనా అమ్మాయికి ఇచ్చేశాను.

నేనూ ఊరికే కూర్చోలేదు. ఆ అద్దాలు తీసుకొని అధికారి దగ్గరికి పోయాను. వాటి గుండా నీలం దీపాన్ని చూడమన్నాను. చూసింది. పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా ఆ నీలం ఆగేది కాదని ఆమెకు అర్థమైంది. కొన్ని వారాలకు అందరికీ కొత్త అద్దాలు వచ్చాయి. ప్రొఫెసర్ అందరినీ పిలిచి, మీ కళ్లు నాకు ముఖ్యం అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా విషయంలో మాత్రం కారణం తేలలేదని రాసి మూసేశారు. నా పని గడువు పెంచలేదు. నా బల్ల శ్రీకాంత్‌కు ఇచ్చారు. ఆ నీలం వెలుగు మీద రాసిన పేపర్ అతని పేరు ముందు పెట్టి వచ్చింది, నా పేరు మధ్యలో ఎక్కడో ఉంది. మీ బడిలో దండ వేసేది ఆ పేపర్‌కేనక్కా.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను. ఆ గాజు దారాలు తయారుచేసే చిన్న కంపెనీలో పని. సన్నని గాజు గొట్టాలను చేత్తో ఒకదాని పక్కన ఒకటి పేర్చి, కొలిమిలో కరిగించి దారంగా లాగుతాం. పేర్చడానికి ఒక కన్ను చాలు. నన్ను పనిలోకి తీసుకున్నావిడ ముసలిది, మాటలు తక్కువ. ఏమైందని అడగలేదు. నా చెయ్యి వణుకుతుందేమో మాత్రం చూసింది. వణకలేదు. ఆఖరున దారంలోకి వెలుగు పంపి పరీక్షించే గది ఒకటుంది. అందులోకి నేను పోను. ఒకసారి తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. చిన్నప్పుడు నాన్న కంది బస్తాల కొట్లో ఎండ పలకలా పడితే దుమ్ము ఎగరడం చూస్తూ కూర్చునేదాన్ని. ఆ వెలుగును అంత ఇష్టపడి ఈ పనికి వచ్చినదానికి ఇప్పుడు వెలుగంటే ఒళ్లు జలదరిస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరినీ క్షమించలేను. కన్ను పోయినా ఇంత బాధ లేకపోయేది.

నువ్వు సన్మానం ఆపవద్దు. పద్మమ్మను ఏమీ అనవద్దు, ఆమె తప్పేం లేదు. అయితే ఇకమీద నాకు పంపేవి అతని చేతికి ఇవ్వకు. పోస్టులో కాస్త కందిపప్పు పంపు, తాండూరుదే. ఇక్కడ దొరికేది ఉడకదు.

నిన్న శ్రీకాంత్ ఫోన్ చేశాడు. చాలా నెలల తరువాత అతని గొంతు విన్నాను. "అక్కా, అమ్మ మస్తు అడుగుతున్నది. స్వర్ణ టీచర్ గూడ అడిగిందంట. నువ్వు రెండు మాటలు మాట్లాడితె మంచిగుంటది" అన్నాడు.

"మాట్లాడుత శ్రీకాంత్," అన్నాను. "గని జరిగిందే చెప్త. వేరేది నాకు రాదు."

అవతల ఎవరో నవ్వుతున్నారు, గిన్నెల చప్పుడు వినిపించింది.

"అయితే వద్దు తియ్యి అక్కా," అన్నాడు.

ఫోన్ పెట్టాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

బావకు నమస్కారాలు. అమ్మ పాదాలు నా తరఫున నువ్వు ముట్టుకో, నన్నేమని దీవించిందో ఫోన్‌లో చెప్పు. నా కన్ను సంగతి మాత్రం ఆమెకు నువ్వు చెప్పవద్దు. వేసవిలో వస్తాను. ఆమె ఎదురుగా కూర్చొని, ముఖం తిప్పుకోకుండా, నేనే చెబుతాను.

నీ చెల్లెలు
వనజ