బంతి ఎగరేసినప్పుడు

మంగళవారం రాత్రి, వట్లూరు

హైదరాబాద్‌లో పెద్ద టెన్నిస్ పోటీలట. పోయిన ఎండాకాలం ఏలూరు గ్రౌండులో మా అమ్మాయి సునీతను జ్వరంతోనే పరిగెత్తించి చంపిన కోచ్ కూతురు ఆడుతోందట. చూడ్డానికి వెళ్తే ఎలా నడుచుకోవాలని, అలాంటి ఆటలు చూసొచ్చిన మా చర్చి కమలా టీచర్ని అడిగాను.

"టోపీ పెట్టుకెళ్లండి. ఆడే పిల్ల కొట్టడానికి బంతి పైకి ఎగరేసినప్పుడు లేవకూడదండీ, నోరు మెదపకూడదండీ."

"అంత నిశ్శబ్దమాండీ?"

"మన చర్చిలో కూడా ఉండదండీ. అక్కడ మీరు కబుర్లాడతారుగా!"

నవ్వి, టిక్కెట్టు తెప్పించమన్నాను.

ఆ పిల్ల బంతి ఎగరేసినప్పుడే సరిగ్గా లేచి "సునీతా" అని అరుస్తాను. ఆ పేరు ఆ కోచ్ వినాలి. బంతి తప్పిపోతే పిల్ల ఏడుస్తుంది. సునీతతో కలిసి నా చేతి అన్నం తిన్న పిల్లే. అయినా ఏడవనీ. వాడికి ఓదార్చుకోడానికి కూతురుంది...