ఏం ఇబ్బందీ లేదండి

చోడవరం,
ఫిబ్రవరి 3

మహారాజశ్రీ మేనేజరు బాబుగారికి, సంధ్యారాణి నాయనమ్మ అచ్చియ్యమ్మ నమస్కారాలు.

మీరు కులాసాయా? మీ అమ్మగారి మోకాళ్ళు, నాన్నగారి బీపీ, పిల్లల జలుబులు ఎలా ఉన్నాయి? మీ ఆఫీసు వాచ్‌మన్ కూడా కులాసాయేనా? నాకు మాత్రం నిద్ర లేదు. మా గుంట సంధ్యారాణిని మీరు ప్రతి మంగళవారం ఒక్కదాన్నే గదిలోకి పిలుస్తున్నారట. ఏం తప్పు చేసింది బాబూ?

మా ఇంటాయన గణపతిరావు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తూచే కాటా దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు చేసేరు. మేనేజరు గదిలోకి పిలిచింది రెండేసార్లు. మొదటిసారి మెమో, రెండోసారి రిటైరు దండ. వారం వారం పిలుస్తున్నారంటే మా పిల్ల ఎన్ని తప్పులు చేస్తోందో! క్షమించి ఉద్యోగం ఉంచండి. ఫోనులో నాకు వినపడదు, ఉత్తరమే రాయండి.

ఇట్లు,
అచ్చియ్యమ్మ

తా.క. మీకు పంచెల చాపు పంపుతున్నాను. లంచం అనుకోకండి. అంచు రంగు పోదు.

విశాఖపట్నం,
ఫిబ్రవరి 10

అచ్చియ్యమ్మ గారికి నమస్కారాలు.

వాచ్‌మన్‌తో సహా అందరం కులాసా. సంధ్యారాణి ఏ తప్పూ చేయలేదండి. పనిలో కష్టసుఖాలు వినడానికి ఇక్కడ అందరినీ వారానికోసారి పిలుస్తాం. తను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, "ఏం ఇబ్బందీ లేదండి" అని వెళ్ళిపోతుంది. పైకి రావాలన్న ఆసక్తి లేదనుకుని, నెలాఖరున లారీల విభాగం బాధ్యత తన తోటి ఉద్యోగి హరిబాబుకి ఇస్తున్నాను. మీరు నిశ్చింతగా ఉండండి.

ఇట్లు,
శ్రీరంజని, మేనేజరు

తా.క. నేను బాబుని కాదండి, అమ్మాయిని. పంచెలు మా నాన్నగారికి నప్పాయి.

చోడవరం,
ఫిబ్రవరి 14

మేనేజరమ్మకి ఆశీస్సులు.

ఇంకెక్కడి నిశ్చింత తల్లీ? ఆ ముక్క ఆయనకీ, మా గుంటకీ నేర్పింది నేనే. ఆయన సైకిలెక్కుతుంటే క్యారేజీ అందిస్తూ రోజూ చెప్పేదాన్ని: "పెద్దోళ్ళడిగితే ఏటీ సెప్పకు. ఏం ఇబ్బందీ లేదండి అనేసి వచ్చీ." ఆయన నవ్వి, "ఒసే, నీకన్నా మా మేనేజరే నయమే, ఆదివారమైనా ఊరుకుంటాడు" అనేవారు. సాయంత్రం ఆ సైకిలు గంట, చొక్కాకి చెరకు మడ్డి వాసన... ఆయన పోయి ఏడేళ్ళు. సైకిలు వసారాలోనే ఉంది, గంట నేనే తుడుస్తాను.

చెరకు బళ్ళ ఎద్దులు ఎండలో నిలబడిపోతున్నాయని ఏ ఊరి బళ్ళు ఏ వేళకి రావాలో ఆయన చీటీలు రాసిచ్చేరు. దేవరాపల్లి బళ్ళు పొద్దున్న, కె.కోటపాడు బళ్ళు మధ్యాహ్నం. తోటి గుమాస్తా శివాజీ అది తన ఆలోచనని చెప్పుకుని పెద్ద కుర్చీ ఎక్కేడు. ఈయన అప్పుడూ ఏం ఇబ్బందీ లేదనే అన్నారు. ఆ రోజు అన్నం మాత్రం తినలేదు.

ఇట్లు,
అచ్చియ్యమ్మ

తా.క. తాత చెప్పిన ఆ ఎడ్లబళ్ళ చీటీనే మా గుంట మీ లారీలకు పెట్టిందట. డ్రైవర్లకి పడిగాపులు తప్పేయట. మీతో చెప్పే ఉంటుందిలెండి.

విశాఖపట్నం,
ఫిబ్రవరి 26

అచ్చియ్యమ్మ గారికి నమస్కారాలు.

చెప్పలేదండి! తన ఆలోచనేనని హరిబాబు చెప్పాడు. డ్రైవర్లనడిగితే అందరూ సంధ్యమ్మే అన్నారు. మంగళవారం తనని కూర్చోబెట్టి, "ఈ చీటీలు ఎవరివి?" అన్నాను. "మా తాతవండి" అని ఏడ్చేసింది. "లారీలకు పెట్టింది?" అంటే, కళ్ళు తుడుచుకుని, "నేనేనండి" అంది. విభాగం తనదే.

నన్ను కూడా మా పెద్దసారు ప్రతి శుక్రవారం పిలుస్తారు. ఆరేళ్ళుగా నేను చెప్పేదీ మీ ముక్కే! మీ ఉత్తరం చదివి మొన్న నోరు విప్పాను. మా అందరికీ రెండో శనివారం సెలవు కావాలన్నాను. "ఇన్నాళ్ళూ అడగలేదేం?" అంటూ మార్చి నుంచి ఇచ్చేశారు.

ఇట్లు,
శ్రీరంజని

తా.క. ఆ మొదటి సెలవుకి సంధ్యతో మీ ఇంటికి వచ్చి ఆ సైకిలు చూడాలని ఉంది. ఇబ్బంది ఉంటే ఉందనే చెప్పండి.

చోడవరం,
మార్చి 2

మేనేజరమ్మకి ఆశీస్సులు.

ఉంది తల్లీ. మోకాళ్ళ నొప్పి ఉంది. గ్యాసు అయిపోవచ్చింది. ఫ్యాను తిరగదు. సంధ్యకి మజ్జిగ పులుసు కావాలి, నీకేది ఇష్టమో తెలీక రెండ్రోజులుగా బెంగ. హమ్మయ్య, అన్నీ చెప్పేసేను.

ఇట్లు,
అచ్చియ్యమ్మ

తా.క. ఆ వాచ్‌మన్ బాబుని కూడా తీసుకురండి. మార్చి పద్నాలుగు, శనివారం, పొద్దున్నే.