బరువు తగ్గించిన కారు

జనగామ,
12-11-2011

తమ్ముడు యాకస్వామికి,

నీ క్షేమం అడగబుద్ధి కావడం లేదు. మన పాత కారును హైదరాబాద్ మైదానంలో రేసుకు తోలతానంటే సాయం చేసింది నేనే. టర్బో పెట్టే స్తోమత లేదు, బరువు తగ్గితే చాలన్నావు. వెనక సీటు, స్టెప్నీ విప్పి ఇంట్లో పెట్టాను.

నంబరు ప్లేటు మీద ఏపీ ఉంటేనే రానిస్తామని అక్కడివాళ్లు అనగానే, టీజీని బ్లేడుతో గీకేసి ఏపీ రాశావట! తెలంగాణ కోసం వంటావార్పు చేసిన నాడు నర్మెట్ట రోడ్డు మీద నలభై బండ్లకు ఏపీ చెరిపి టీజీ రాసిన చెయ్యేనా అది? పైగా ఫోన్లో “రెండక్షరాలే గదన్నా, మళ్ల రాసుకుందాం తీయ్” అని నవ్వావు. రోత పుట్టింది.

గెలిచిన కప్పు ఇంటికి తేకు.

“బరువు తగ్గాలని ఏమేం తీసిండు బిడ్డా?” అని అవ్వ అడిగింది. సీటు, స్టెప్నీ వరకే చెప్పాను.

అన్న