అటు కొస

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నా కోపం కూడా క్షేమమే, నీ ఉత్తరం చదివాక ఇంకాస్త ఒళ్లు చేసింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ బావ మోకాలు నయం. పిల్లది పరీక్ష గట్టెక్కింది. అమ్మ గది ఖాళీ చేయలేదు, చేయను. ఇక నువ్వు పంపిన అమ్మ ఫోటో. "బాగా వచ్చింది కదక్కా" అని అడిగావు. బాగానే వచ్చింది, సగం.

అది అమ్మ పనిచేసిన హోటల్ లాండ్రీ మేడ మీద తీసింది. దుప్పటికి ఒక కొస అమ్మ, రెండో కొస అమ్మతో పనిచేసిన పొడుగత్త, ఇద్దరూ పగలబడి నవ్వుతూ. నువ్వు పొడుగత్తని కత్తిరించి పారేసి, అమ్మని మాత్రం పెద్దది చేయించావు. ఇప్పుడు అమ్మ చేతిలో దుప్పటి ఫ్రేము దాకా వెళ్లి తెగిపోయింది. పైగా, "సంతాప సభలో ఆవిడని ఇంటివాళ్ల వరసలో కూర్చోబెట్టకు, మనకేమవుతుందని" అని రాశావు. నీకు బుద్ధుందా?

అంత పెద్ద దుప్పటి ఒక్కరు మడవలేరు. చెరో కొసా పట్టుకుని లాగాలి, దులపాలి, ఎదురెదురుగా నడిచి కలపాలి. అమ్మ పొట్టి కదా, అమ్మ వైపు ఎప్పుడూ నేలకి రాసుకునేది. "చేతులు దించవే నిచ్చెనా" అని అమ్మ, "నువ్వే కాస్త పెరగవే" అని ఆవిడ. నాన్న పోయి అమ్మ మంచం దిగని రోజుల్లో, చుట్టాలంతా మొహం చాటేశారు. పొడుగత్త మాత్రం లాండ్రీలో అమ్మ చోట్లో ఇంకో మనిషిని పెట్టనివ్వలేదు. దుప్పటి కొస కిటికీ ఊచకి కట్టి, ఒక్కతే మడిచింది. అమ్మ జీతం ఆగకుండా మన పొయ్యి వెలిగింది అందుకేరా.

సభలో చదువుతానన్న కాగితంలో 'సహనమూర్తి' అని రాశావు. సూపర్‌వైజర్ మీద తడి తువ్వాలు విసిరిన మనిషి అమ్మ. కొట్టేయ్ ఆ మాట.

ఒక సంగతి ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. అమ్మ చివర్లో నిన్ను అడిగిందని ఫోనులో చెప్పాను. అడగలేదు. ఆసుపత్రి మంచం మీద దుప్పటి అంచు పట్టుకుని "అటు కొస పట్టు" అంది. నేను పట్టుకున్నాను. నా మొహం చూసి, "నువ్వు కాదమ్మా, దాన్ని పిలువు" అంది. కన్నకూతుర్ని, నన్ను వద్దంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతోంది. అయినా పిలిచాను. పొడుగత్త వచ్చి మంచం చివర నిలబడి కొస అందుకుంది. అమ్మకి చేతులెత్తే బలం లేదు. ఆవిడే వంగి, తన చేతులు అమ్మ ఎత్తుకి దించింది. "ఇన్నాళ్లకి దించావే" అంది అమ్మ. తర్వాత నిద్రపోయింది, మళ్లీ లేవలేదు.

నిన్న ఆవిడ ఇంటికొచ్చి నువ్వు పంపిన ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. నేను సిగ్గుతో చచ్చాను. తనని ఎందుకు తీసేశారని అడగలేదు. "అయ్యో, ఒక్కతే పట్టుకుందేమిటే, కింద పడిపోతుంది కదా" అంది.

ఫోటో గోడ మీంచి దించేశాను. ఆదివారం సభకి ఇద్దరూ ఉన్నది పట్టుకురా. ముందు వరసలో మొదటి కుర్చీ ఆవిడది. ఉత్త చేతులతో వస్తే నీకు కుర్చీ లేదు.

ఇట్లు,
కోపం తగ్గని
నీ అక్క