కత్తి కోటయ్య డబ్బాలో సేఫ్టీ సెట్టు

బావా, ఎట్టున్నావు?

నువ్వు పోయి ఈ ఆదివారానికి నెలా పది రోజులు. పోయినోణ్ణి ఎట్టున్నావని అడగటం ఏంది, తిక్కగా... కానీ ఇన్నేళ్ళూ పొద్దున్నే నిన్ను చూడంగానే నోట్లోంచి వచ్చిన మాట అదే. ఇంకోటి రావట్లా.

అక్క బానే ఉంది. అన్నం తింటోంది. నీ చెల్లెలు పద్మ, అదే మా ఇంటిది, రోజూ మధ్యాహ్నం పోయి కాసేపు దానికాడ కూర్చుని వస్తోంది. ఇంటి ముందు పంపు బాగు చేయించా.

నేనే బాలేను. నువ్వు పోయినందుక్కాదు... దానికి ఏడ్చా, ఏడ్చి ఊరుకున్నా. ఆ తర్వాత తెలిసిన సంగతులున్నాయే, వాటికి నా బుర్ర పనిచెయ్యట్లా. కోపమొస్తోంది, నవ్వొస్తోంది. ఎవరితో చెప్పుకోను? నీతోనే చెప్పాలి.

పేట ఆసుపత్రిలో ఐదో రోజు గుర్తుందా? ఆయాసం తగ్గింది. ఎల్లుండి ఇంటికి పొమ్మంటారని అక్క అప్పుడే సంచులు సర్దుతోంది. సాయంత్రం నేను గురజాల బస్సుకి బయల్దేరబోతుంటే నువ్వు దవడలు తడుముకుని, "ఒరేయ్ బామ్మర్దీ, ఐదు రోజులైందిరా. మొహమంతా ముళ్ళకంప అయిపోయింది. నీ కత్తితో ఒకసారి గడ్డం గియ్యి" అన్నావు.

కత్తి ఊళ్ళో మర్చిపోయా బావా, రేపు పొద్దున్నే తెస్తానన్నా.

అబద్ధం. కత్తి నా చేతిసంచిలోనే ఉంది. తువ్వాల్లో చుట్టి ఉంది. నేను ఊరు దాటితే కత్తి లేకుండా దాటనని నీకు తెలియదా?

ఎందుకు అబద్ధమాడానో చెప్తా. ఆర్నెల్ల నుంచీ నా కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు పట్టుకుంటే తెలియదు. కత్తి విప్పి పైకెత్తానా, మణికట్టు దగ్గర మొదలవుతుంది. నా గొంతు మీదైతే ఏదో తంటాలు పడుతున్నా. నీ గొంతు మీద పెట్టాక అది వెంట్రుకవాసి పక్కకి జరిగితే? అది ఒక భయం. ఇంకో భయం ఏందంటే... నువ్వు నవ్వుతావని. చచ్చేదాకా నవ్వుతావని.

తెల్లారి బస్సు పిడుగురాళ్ళ దాటిందో లేదో ఫోనొచ్చింది. గుండె ఆగిందంట. కాఫీ తాగుతా తాగుతా పక్కకి ఒరిగావంట. అంతేనా? మనిషి పోవటం అంత తేలికా?

నిన్ను గడ్డంతోనే సాగనంపాం బావా. స్నానం చేయించేటప్పుడు ఎవరో సెలూనాయన్ని పిలుద్దామన్నారు. కత్తి కోటయ్య బతికుండగా తన గడ్డం మీద ఇంకోడి చెయ్యి పడనిచ్చాడా, గీస్తే బామ్మర్దే గియ్యాలని పెద్దవాళ్ళన్నారు. నలుగురూ నావంక చూశారు. నేను తల దించుకుని కట్టెల పని చూస్తానని బయటికెళ్ళిపోయా.

ఆరోజు నుంచి నేను గడ్డం గియ్యలా. బావ మీద ఎంత ప్రేమో చూడండి, గడ్డం కూడా తీయించుకోకుండా తిరుగుతున్నాడని ఊరంతా జాలిపడింది. నేనూ పడనిచ్చా. బెంగ లేదని కాదు... కానీ సగం బెంగ, సగం వణుకు. ఆ రెండోది ఎవడికీ చెప్పలా.

పెద్దకర్మ అయ్యాక అక్క నీ రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. కత్తి నీకే చెందాలిరా అంది. మూత తీశా. పైన నీ కత్తి, నూనె గుడ్డలో చుట్టి. విప్పి చూస్తే పిడి దగ్గర నూనె గట్టిపడి జిగురైపోయింది. ఏళ్ళ తరబడి ముట్టుకోని కత్తికే అట్టా అవుతుంది. దాని కింద తోలుపట్టీ, పెళుసెక్కి పగుళ్ళిచ్చి ఉంది. దాని కింద పటిక ముక్క. దాని కింద...

సేఫ్టీ సెట్టు.

బావా, బ్లేడు బిగించుకునే ఇనప సేఫ్టీ సెట్టు. పిడి మీద గీతలన్నీ అరిగిపోయి, నీ వేళ్ళు పట్టిన చోట నున్నగా మెరుస్తా ఉంది. ఇది ఎవరిదే అని అక్కని అడిగా. మీ బావదే, నాలుగేళ్ళ నుంచీ దాంతోనే గీసుకుంటున్నాడు అంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

నాలుగేళ్ళా?

నువ్వు ఎవరివో గుర్తుందా అసలు? మాచర్లలో నాపరాళ్ళు లోడెత్తి తోలుకుంటా, లారీ ఎక్కడ ఆగితే అక్కడ సైడు అద్దంలో చూసుకుని కత్తితో గీసుకున్నోడివి. టీకొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. నాకు నేర్పిందెవరు? లేత సొరకాయకి నురగ పూసి, తొక్క తెగకుండా పైన నూగు మాత్రం తియ్యమన్నావు. మూడు సొరకాయలు పాడుచేశాక అక్క మనిద్దర్నీ కలిపి తిట్టింది. ఆ రోజు కూర కూడా అదే.

సెట్టు పట్టినోణ్ణి ఎవణ్ణైనా వదిలావా? మా పెళ్ళిలో మా మేనమామ సేఫ్టీ సెట్టుతో గీసుకుంటుంటే వెనక నిలబడి, "సెట్టు పట్టేవోడు గడ్డం గీసుకోడండీ, పోవే పోవే అని బతిమాలుకుంటాడు" అన్నావు. ఆయన చానా కాలం నీతో మాట్లాడలా. ఆ నువ్వు... నాలుగేళ్ళు బతిమాలుకున్నావా?

అక్క మెల్లగా చెప్పుకొచ్చింది. నీ చెయ్యి వణకటం, ఒకరోజు చెవి తమ్మె తెగటం, నెత్తురు కడుక్కుని నువ్వే పేట పోయి సెట్టు తెచ్చుకోవటం. ఆ చెవి కట్టు నాకు గుర్తుంది. తుమ్మకంప గీసుకుందన్నావు నాతో. పైగా నేను ఆ కంప కొట్టిపారేయిస్తానని మనిషిని పెట్టా. చూసి ఊరుకున్నావే?

అరుగు మీద కూర్చుని పదిమంది చూస్తుండగా గీసుకునేవోడివి, అప్పట్నుంచే లోపల తలుపేసుకోవటం మొదలుపెట్టావు. పొద్దుటి గాలి పడట్లేదురా అన్నావు. నేను నమ్మా. నా చెయ్యి మొదలైనాక నేనూ దొడ్లోకి పోయి గీసుకుంటున్నా. ఎవరైనా అడిగితే అరుగు మీద కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని చెప్పా. రెండు వీధుల అవతల ఒకడు, ఇవతల ఒకడు... తలుపులేసుకుని ఒకడికి తెలియకుండా ఒకడు. ఏం బతుకులయ్యా మనవి?

ఆ సెట్టు నాకిమ్మన్నా. అక్క ఇవ్వలా. దాంట్లో నీ తెల్ల వెంట్రుకలు ఇంకా అంటుకుని ఉన్నాయి, కడగలేదంది. అందుకని మొన్న మంగళవారం పేట పోయా. మంగళవారం గడ్డం సామాను కొనటం ఏందని పద్మ గొణిగింది. కొనేదే గదా, గీసేది రేపే అన్నా.

ఫ్యాన్సీ షాపులో కౌంటరు అవతలాయన ముందు ప్లాస్టిక్‌వి పెట్టాడు. వాడి పారెయ్యొచ్చంట. చేతిలో పట్టుకుంటే పుల్లంత బరువు లేదు. మూడు బ్లేళ్ళది చూపించాడు, కరెంటు మిషను చూపించాడు, పెద్దవాళ్ళకి ఇదే మంచిది తెగదు అన్నాడు. పెద్దవాళ్ళంట. నాకు చిర్రెత్తుకొచ్చి, నేను ఇన్నేళ్ళు కత్తితో గీసుకున్నానయ్యా అన్నా. ఆయన నా బారెడు గడ్డం వంక చూశాడు.

చివరికి ఇనపవి రెండు తీయించా. ఒకటి పిడి తిప్పితే పైన తలుపుల్లాగ తెరుచుకుంటుంది. ఇంకోటి మూడు ముక్కలుగా ఊడుతుంది. బొటనవేలు ఎక్కడ ఆనుతుంది, తల బరువా పిడి బరువా... కత్తిని చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశా. మూడు ముక్కలదే తీసుకున్నా. తల బరువుగా ఉంది. బరువుంటే చెయ్యి కాస్త కుదురుగా ఉంటుందనిపించింది. దీన్ని ఎన్నాళ్ళకొకసారి నూరాలని అడిగా. బ్లేడు పారేసి కొత్తది వేసుకోవటమే, నూరటం ఏందని ఆయన నవ్వాడు. విన్నా. చెవితో అయితే విన్నా.

బుధవారం పొద్దున అద్దం ముందు కూర్చుని కాయితం విప్పి బ్లేడు తీశా. తీసీ తియ్యంగానే, బుర్ర అడక్కముందే, చెయ్యి తన పని తను చేసేసింది. గీసే ముందు కత్తిని అరచేతి మీద అటొకసారి ఇటొకసారి రాస్తాం చూడు, అట్టా రాసింది. కత్తికైతే వీపుంటుంది, ఆ వీపు మీద తిప్పుతాం. దీనికి వీపేదీ? రెండు పక్కలా నోరే. ఇటు తిప్పంగానే బొటనవేలి కింద కండలో దిగబడిపోయింది.

నెత్తురు చూస్తా కూర్చున్నా. పద్మ వచ్చి చూసి, గీసుకోవాల్సింది గడ్డమయ్యా అరచెయ్యి కాదు అని కేకలేసి, పసుపు అద్ది కట్టు కట్టింది. నువ్వు కూడా ఇట్టానే కోసుకున్నావా మొదటిరోజు? అక్కని అడిగితే తెలుసేమో... నాకు అడగబుద్ధి కాలా.

కట్టుతోనే గీశా. కత్తిని పడుకోబెట్టినట్టు చెంపకి పడుకోబెట్టా. నురగ పోయింది, వెంట్రుకలు అట్టానే ఉన్నాయి. కాస్త నొక్కా. గడ్డం కింద చర్మం లేచొచ్చింది. విసుగొచ్చి, పిడి చివర రెండు వేళ్ళతో ఊరికే పట్టుకుని వదిలేసినట్టు దించా. అప్పుడు తెగింది బావా. చెయ్యి వణుకుతానే ఉంది, అది మాత్రం పట్టించుకోకుండా దాని బరువుతో అది దిగింది. అద్దంలో నా మొహం చూసుకుంటే ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికా నేను నీ గడ్డం గియ్యకుండా పంపింది?

ఆ మొహంతోనే అక్క దగ్గరికి పోయా. చేతి కట్టు చూసి ఏందిరా అంది. ఇక దాచలేకపోయా. వణుకు చెప్పా. ఆసుపత్రిలో కత్తి సంచిలోనే ఉందని చెప్పా. మర్చిపోయానన్నది అబద్ధమని చెప్పా. తిడుతుందనుకున్నా. కొడుతుందనుకున్నా.

అక్క నా చేతి కట్టు సర్దింది. తర్వాత అడిగింది, అయితే కత్తి ఊళ్ళో లేనే లేదా అని. లేదన్నా. నువ్వు పొద్దున్నే కత్తి తెస్తావని మీ బావ ఎదురుచూశాడురా అని, ఆ సాయంత్రం నేను బస్టాండుకి పోయాక నువ్వు అన్నదంతా చెప్పింది. నువ్వు ఇంటి నుంచి తెచ్చుకున్న సంచిలోంచి సెట్టు తీయించి దిండు కింద పెట్టించుకున్నావంట. పెట్టించుకుని అన్నావంట...

"వాడి దవడ కింద చూశావా? ఆర్నెల్ల నుంచీ గరుకు మిగుల్తోంది. చెయ్యి వణుకుతోంది వాడికి. రేపు కత్తి తీసుకొచ్చి, బావా నాకు వణుకుతోంది అని ఒక్కమాట అననియ్యి. దిండు కింద నుంచి ఇది తీసి వాడి చేతిలో పెడతా."

నువ్వే ముందు చెప్పొచ్చుగా అని అక్క అడిగిందంట. "నేనెట్టా ముందు చెప్తానే, బావని గదా" అన్నావంట.

అక్క గోడకి ఆనుకుని కూర్చుని చీరకొంగు నోట్లో పెట్టుకుంది. నేను గుమ్మంలో అట్టా నిలబడే ఉన్నా. నీకు తెలుసా? ఆర్నెల్ల నుంచీ తెలుసా? నన్ను గియ్యమని అడిగింది నీ గడ్డం కోసం కాదా? దిండు కింద పెట్టుకుని రాత్రంతా నాకోసం పడుకున్నావా?

ఒక్కమాట... మంచం పక్కన నిలబడి ఒక్కమాట అంటే అయిపోయేదే. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నువ్వు నా దవడ పట్టుకుని గరుకు చూపించి తిట్టేవోడివి. నేను నీ గడ్డం గీసేవోణ్ణి. నున్నగా పోయేవోడివి.

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నాయి. అరచేతికి కట్టుంది గదా, దానిమీదికి తోసెయ్యొచ్చు. తొయ్యను. రేపటి నుంచి అరుగు మీదే కూర్చుంటా, సెట్టు పట్టుకుని, వచ్చేపోయే జనం చూస్తుండగా. నవ్వితే నవ్వనీ. అడిగినోడికల్లా చెప్తా. కానీ వాళ్ళకంటే ముందు నీకు చెప్పాలి.

బావా, నాకు చెయ్యి వణుకుతోంది.

నీ బామ్మర్ది
సాంబయ్య