పెళ్లి ఫొటో వెనక పగులు

ఏమండీ,

ఇంజనీరు సుత్తితో మన గోడ తట్టడం చూసి, ఇల్లు కూలగొట్టడానికొచ్చారని పక్కింటి పిన్నిగారు వీధంతా దండోరా వేశారట. పాలతను చెప్పాడు. మీ చెవిన పడితే కంగారుపడకండి. ఇంటి మరమ్మతు సాయం మనకి మంజూరైంది! ఇల్లు అత్తయ్యగారి పేరున ఉంది కదా, సంతకానికి ఆవిడని తీసుకుని వార్డు ఆఫీసుకి పరిగెడుతున్నాను.

రేపు పొద్దున్నే మేస్త్రి వస్తాడు. ఆవిడ గదిలోని మంచం, బీరువా హాల్లోకి లాగి పెట్టండి. వంట చేసి మూతపెట్టాను, తినండి.

పోయినసారి ఇంజనీరు వచ్చినప్పుడు పరువంటూ మీరు ఆవిడ గది గోడ పగులు మీద మన పెళ్లి ఫొటో తగిలించారు. ఇంజనీరు గోడ భేషుగ్గా ఉందని రాసుకుపోయాడు. గోడ తన మీద పడుతుందేమోనని అత్తయ్యగారు వానాకాలమంతా కూర్చునే కునుకు తీశారు. ఈసారీ కాదంటే మళ్లీ దరఖాస్తుకి వీల్లేదన్నారు. అందుకే మీరటు వెళ్లగానే ఫొటో దించేశాను. కోపం తెచ్చుకోకండి, నా పాత చీరలో చుట్టి పెట్టెలో భద్రంగా ఉంచాను. కొత్త గోడకి మీరే తగిలిద్దురుగాని.

అన్నట్టు, "పోయినసారి ఈ పగులు లేదే?" అని ఇంజనీరు అడిగితే మీ అమ్మగారు ఏమన్నారో తెలుసా?

"ఎందుకు లేదు బాబూ, మావాడి పెళ్లి వెనకాల ఉంది."