ఎలాదియో ఫోనుకు రాలేడు

అద్దె సౌరపలకల కంపెనీ సేవా విభాగం పెద్దలకు, ఉటువాడో ఊరి కొండమీది మందిరంలో వాక్యం చెప్పుకునే సేవకుడి వందనాలు.

మా సంఘంలోని పెద్దావిడ దోన్యా ఒబ్దూలియా ఇంటిమీది పలకలు మీవి. వాటి బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్‌లో ఆమె ఇన్సులిన్ వేడెక్కుతోంది. ఫోను చేస్తే మీ ఆఫీసు అమ్మాయి, "సంతకం చేసినాయనతోనే మాట్లాడతామండీ, ఫోను ఆయనకివ్వండి," అంది. ఆయన, అంటే ఆమె భర్త ఎలాదియో, నిరుడే సమాధి అయ్యాడు. ఒబ్దూలియా ఫోను నా చేతిలో పెట్టి, "పైవాళ్లతో మాట్లాడేది మీరేగా పాస్టరుగారూ, కాస్త ఆయన్ని పిలిచి పెట్టండి," అంది.

లాజరును సమాధిలోంచి పిలిచినవాడు ఒక్కడే, అది నేను కాను. బిల్లు మాత్రం నెలనెలా ఎలాదియో పేరునే వస్తోంది, ఆమే కడుతోంది. డబ్బు తీసుకునేటప్పుడు మీరు ఆయన్ని పిలవమనలేదు. దేవుడు మంచివాళ్లమీదా చెడ్డవాళ్లమీదా సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడు, ఎవరి సంతకమూ అడగడు.

మరణ ధ్రువపత్రం జతచేశాను. ఇన్సులిన్ ఇప్పుడు జెనరేటరున్న మా మందిరంలో ఉంది. సూది మందు కోసం ఆమె రోజూ కొండెక్కుతోంది, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. శనివారంలోగా మనిషిని పంపండి. మీరేం చేశారో ఆదివారం సంఘానికి చెబుతాను. వాళ్లలో సగంమంది ఇళ్లమీద మీ పలకలే ఉన్నాయి. సంతకాలన్నీ ముసలాళ్లవి. వాళ్ల భార్యలంతా ముందు వరసలోనే కూర్చుంటారు.